మునగ గింజ, ఇండుప గింజ, బెండ జిగురు: నీళ్ళు తేటపరిచే మొక్కల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో మునగ గింజల పొడి కలిపితే బురద నీళ్ళు తేరుకుంటాయని ఒక చిన్న పెట్టె వేశాం, నాలుగు లైన్లే, దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని మాత్రం అనుకోలేదు. ఎక్కువ తిరుపతి, చిత్తూరు వైపు నించే. ఒకరు ఇంటి బావి గురించి అడిగారు, ఒకరు గ్రానైట్ యూనిట్ గురించి, ఇంకొకరు బోరు ఉప్పు గురించి. అన్నిటికీ అదే గింజ పనిచేస్తుందని చాలామంది అనుకుంటున్నట్టు ఉంది, అట్లా అనుకుని తాగితే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశాం. పేర్లు వేయడం లేదు, ఊళ్ళు మాత్రమే.

ప్రశ్న: సార్, మాది రామచంద్రాపురం మండలం. 2021 నవంబర్ వానలకి రాయలచెరువు కట్ట తెగిపోతాదని ఊళ్ళు ఖాళీ చేయించినారు కదా, ఆ పక్కనే మేము. అప్పటి సంగతి వదిలేసినా ప్రతి ఏడూ కార్తీకంలో గట్టి వాన పడితే బావిలో నీళ్ళు ఎర్రగా అయిపోతాయి. మా అత్త పటిక తిప్పుతాది, నాకేమో పటికతో మతిమరుపు వస్తాదని ఎవరో చెప్పినారు. పెరట్లో మునగ చెట్టు ఉండాది, ఎన్ని గింజలు వేయాల, ఎట్లా వేయాల, కొంచెం వివరంగా చెప్పండి.

జవాబు: ముందు పటిక సంగతి చెప్పేస్తానమ్మా, మీ అత్తగారు చేసేది తప్పేమీ కాదు. పటికలోని అల్యూమినియం వల్ల మతిమరుపు జబ్బు వస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీళ్ళలో అల్యూమినియం 0.03 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 0.2 దాకా ఒప్పుకుంటారు. పటిక తగుమాత్రంగా వేసి, బాగా తేరనిచ్చి, పైనీళ్ళు మాత్రమే వంచుకుంటే చాలావరకు ఇబ్బంది ఉండదు. ఎక్కువ వేస్తే నీళ్ళు వగరుగా పుల్లగా అవుతాయి, అల్యూమినియం కూడా మిగిలిపోతుంది. ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరుగుతుంటే మాత్రం అల్యూమినియం నిజంగానే ప్రమాదం, కానీ అది డయాలసిస్ మిషన్ కి వాడే నీళ్ళ విషయం, దాన్ని సెంటర్ వాళ్ళే చూసుకోవాలి.

ఇక మునగ. వాననీళ్ళతో వచ్చే ఎర్ర వండ్రు ఎందుకు తనంతట తాను దిగదంటే, ఆ మట్టి రేణువులు చాలా సన్నవి, పైగా అన్నిటి మీదా మైనస్ చార్జి ఉంటుంది, ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళలోనే తేలుతూ ఉండిపోతాయి, రోజులు గడిచినా అంతే. మునగ గింజలో ప్లస్ చార్జి ఉన్న చిన్న ప్రొటీన్లు ఉన్నాయి, నీళ్ళలో తేలిగ్గా కరుగుతాయి, అవి వెళ్ళి ఆ మట్టికి అంటుకుని తోపులాట ఆపేస్తాయి, అప్పుడు రేణువులన్నీ పాలు విరిగినప్పుడు కట్టే తరకల్లాగా ఒకదానికొకటి పట్టుకుని బరువెక్కి అడుక్కి దిగుతాయి. పటిక చేసేదీ దాదాపు ఇదే పని, కాకపోతే అది అల్యూమినియంతో చేస్తుంది, దాంతోపాటు నీళ్ళని కొంచెం పులుపు వైపు తీసుకెళ్తుంది, మునగ ఆ పులుపు మార్పు పెద్దగా తీసుకురాదు.

చేసే పద్ధతి. కూరకి కోసే పచ్చికాయ గింజ పనికిరాదు, కాయ చెట్టు మీదే ముదిరి ఎండి గోధుమరంగుకి రావాలి. గింజకి ఉన్న రెక్కలు, పైపెంకు తీసేస్తే లోపల తెల్లపప్పు ఉంటుంది, అది పసుపుపచ్చగా మారినా బూజు పట్టినా పారేయండి. లెక్క ఎంతంటే, నీళ్ళు కొంచెం మసకగా ఉంటే 4 లీటర్లకి ఒక గింజ, గ్లాసులో పోస్తే బాగా మురికిగా కనబడితే 2 లీటర్లకి ఒకటి, మీరు చెప్పే ఎర్రనీళ్ళలాంటివైతే లీటరుకి ఒకటి, మరీ వరద నీళ్ళైతే లీటరుకి రెండు. అంటే 20 లీటర్ల బిందెకి మీకు ఇరవై గింజల దాకా పడుతుంది. పప్పుని రోట్లో మెత్తగా దంచి, కాస్త మంచినీళ్ళతో ముద్ద చేసి, ఒక సీసాలో పోసి ఐదు నిమిషాలు బాగా గిలకొట్టి, పల్చటి గుడ్డలో వడకట్టండి. ఆ పాలలాంటి నీళ్ళు బిందెలో పోసి ఒక నిమిషం గట్టిగా తిప్పాలి, తర్వాత ఐదు పది నిమిషాలు మెల్లగా, చాలా మెల్లగా తిప్పాలి. ఇక్కడే చాలామంది పాడు చేసుకుంటారు, రెండోసారి కూడా గట్టిగా తిప్పితే అప్పుడే కట్టిన తరకలు మళ్ళీ పగిలిపోతాయి. తర్వాత గంట సేపు మూతపెట్టి కదపకుండా వదిలేయండి. పైనీళ్ళు నిదానంగా వేరే బిందెలోకి వంచుకుని, మడతలు పెట్టిన శుభ్రమైన నూలుగుడ్డలో వడకట్టుకోండి.

ఇంతవరకు అయ్యేసరికి నీళ్ళు అద్దంలా కనబడతాయి, అక్కడే మోసపోతారు. మట్టికి అంటుకున్న క్రిములు మట్టితోపాటే చాలావరకు దిగిపోతాయి, నూటికి తొంభై పైన తగ్గినట్టు పరీక్షల్లో తేలింది కూడా. కానీ తాగునీళ్ళలో ఈ-కోలై లాంటివి 100 మిల్లీలీటర్లకి ఒక్కటి కూడా ఉండకూడదు, తొంభై పోయి పది మిగిలినా కలరాకి, టైఫాయిడ్ కి అది చాలు. అందుకని తేరిన నీళ్ళు బాగా తెర్లి ఒక నిమిషమైనా మరగనివ్వాలి, లేకపోతే క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగాలి. ఇంకొకటి, గింజలోని మాంసకృత్తులు, కొవ్వు కొంచెం నీళ్ళలో మిగిలిపోతాయి, ఆ నీళ్ళు నిలవ పెడితే క్రిములకి అదే తిండి, రెండోరోజుకి వాసన వస్తుంది. ఏ రోజుకారోజు చేసుకుని 24 గంటల్లో వాడేయండి. దంచిన ద్రావణం కూడా నిలవ పెట్టొద్దు, గింజలు పెంకుతోనే దాచుకోండి.

విత్తనాల షాపులో నాటడానికి అమ్మే మునగ గింజలు నీళ్ళకి ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు, వాటికి శిలీంధ్రం మందు పట్టించి ఉంటారు. మీ పెరటి చెట్టువే వాడండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ ని, శ్రీకాళహస్తి. మా చిన్నప్పుడు ఇంట్లో కుండ లోపలివైపు చిల్లగింజ అరగదీసి నీళ్ళు పోసేవాళ్ళు, తెల్లారేసరికి తేటగా ఉండేవి. ఇప్పుడు ఆ గింజ ఎవరికీ తెలియదు. అది విషం జాతి అని ఒక డాక్టర్ గారు అన్నారు. నిజమా?

జవాబు: నమస్కారం మాస్టారూ, మీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే మునగ గురించి ఇప్పుడు అందరూ మాట్లాడతారు గానీ మన అసలు నీళ్ళ గింజ ఇదే. చిల్లగింజ, ఇండుప గింజ రెండూ ఒకటే, మీ పక్క తమిళం వాళ్ళు తేత్తాన్ కొట్టై అంటారు, సంస్కృతంలో కతకం. నీళ్ళని తేటపరిచే ఏడు వస్తువుల్లో సుశ్రుతుడు మొదట చెప్పింది దీన్నే, ఆ వరసలో తామర దుంప, నాచు వేరు, గుడ్డ కూడా ఉన్నాయి. మనుస్మృతి ఆరో అధ్యాయంలో అయితే కతకం పేరు చెప్పినంత మాత్రాన నీళ్ళు తేరవు అని ఒక శ్లోకంలో పోలికగా వాడుకున్నారు, అంటే అప్పటికే అది ప్రతి ఇంట్లో తెలిసిన సంగతి అన్నమాట.

డాక్టర్ గారు చెప్పిందాంట్లో కొంత నిజం ఉంది. ఇది స్ట్రిక్నాస్ జాతి చెట్టు, ముష్టి చెట్టు కూడా ఆ జాతే, ముష్టి గింజలో స్ట్రిక్నిన్, బ్రూసిన్ అని ప్రాణం తీసే విషాలు ఉంటాయి. ఇండుప గింజ అట్లాంటిది కాదు, తరతరాలుగా వాడుతున్నదే, కానీ రెండిటినీ పొరబడితే మనిషి పోతాడు. ముష్టి గింజ చొక్కా గుండీలా పలచగా గుండ్రంగా, బూడిదరంగులో, పట్టులాంటి నూగుతో ఉంటుంది. ఇండుప గింజ చిన్నది, ఉండగా ఉంటుంది. గుర్తుపట్టడంలో ఏమాత్రం అనుమానం ఉన్నా వాడొద్దు, నమ్మకమైన మూలికల అంగడిలో తెలిసినవాళ్ళ దగ్గరే తీసుకోండి. శేషాచలం అడవిలోకి వెళ్ళి ఏరుకుందామని మాత్రం ఎవరూ అనుకోవద్దు, 1989 నించి అందులో కొంత భాగం నేషనల్ పార్కు.

మీ పెద్దవాళ్ళు చేసిన పద్ధతి సరైనదే, కుండ లోపల అరగదీస్తే ఆ గంధం నీళ్ళు పోసేటప్పటి తిరుగుడుకి అంతా కలిసిపోతుంది, రాత్రంతా కదపకుండా ఉంటుంది కాబట్టి తెల్లారికి మడ్డి అంతా అడుక్కి చేరుతుంది. పై జవాబులో చెప్పిన మరగబెట్టడం దీనికీ వర్తిస్తుంది, పాతకాలం వాళ్ళు తాగలేదా అంటే తాగారు, కలరాతో ఊళ్ళకి ఊళ్ళు పోయింది కూడా ఆ కాలంలోనే.

ప్రశ్న: పలమనేరు దగ్గర మాది. బోరు వెయ్యి అడుగుల పైనే, నీళ్ళు ఉప్పగా ఉంటాయి, టీడీఎస్ 1400 చూపిస్తాది మీటర్లో, గిన్నెలకి తెల్లపొర కట్టేస్తాది. ఆర్వో తీసేసి మునగ గింజలు వాడొచ్చా?

జవాబు: వాడొద్దన్నా. మీ నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి కదా, అంటే తేర్చాల్సిన బురద అందులో లేదు. ఉప్పు, సున్నం, ఫ్లోరైడు నీళ్ళలో కరిగిపోయి ఉంటాయి, మునగ గానీ ఇండుప గానీ పట్టుకునేది తేలే రేణువుల్ని. గింజల పొడి విపరీతంగా వేస్తే గట్టిదనం కొంత తగ్గినట్టు ల్యాబుల్లో చూశారు, కానీ అంత పొడి వేసిన నీళ్ళు తాగలేం. ఫ్లోరైడుకి పటిక, సున్నం కలిపి చేసే నల్గొండ పద్ధతి అని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ళు తయారుచేసినది ఉంది, అది వేరే సంగతి, అందులో పటిక మామూలు కంటే ఎన్నో రెట్లు పడుతుంది. మీరు ముందు ఆ నీళ్ళలో ఫ్లోరైడు ఎంత ఉందో గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో పరీక్ష చేయించండి, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లలకి ఆ నీళ్ళు ఇవ్వొద్దు. టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది, ఫ్లోరైడుని విడిగా చూపించదు.

ప్రశ్న: కుప్పం వైపు గ్రానైట్ కటింగ్ యూనిట్ లో సూపర్వైజర్ గా చేస్తున్నా. కోతల్లోంచి వచ్చే తెల్ల స్లర్రీని, అంటే రాతిపిండి బురదని, ట్యాంకుల్లో పాలిమర్ వేసి దించి నీళ్ళు మళ్ళీ వాడతాం. ఆ పాలిమర్ పౌడర్ ప్లాస్టిక్ లాంటిదని, క్యాన్సర్ అని కుర్రోళ్ళు భయపడతా ఉండారు. మొక్కల నించి వచ్చేది ఏమన్నా ఉందా?

జవాబు: ఉంది, కానీ మీరు వాడేదాన్ని కూడా న్యాయంగా చూద్దాం. ఆ పౌడర్ పాలీఅక్రిలమైడ్ అయ్యుంటుంది. అసలు పాలిమర్ పెద్ద విషం కాదు, అది తయారయ్యేటప్పుడు కలవకుండా మిగిలిపోయిన అక్రిలమైడ్ తోనే భయం, అది నరాలకి చెడ్డది, క్యాన్సర్ కారకం కావచ్చని కూడా అంటారు. తాగునీళ్ళలో అది లీటరుకి 0.5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టింది. మీ నీళ్ళు తాగేవి కావు, బయటికి వదలకుండా తిప్పి తిప్పి వాడుకుంటున్నారు, పౌడర్ కలిపేటప్పుడు మాస్కు, గ్లవ్స్ వేసుకుని, డోసు సరిగ్గా కొలిచి వేస్తే భయపడాల్సింది తక్కువే. మీ కుర్రాళ్ళ ఊపిరితిత్తులకి పాలిమర్ కంటే ఎండిన స్లర్రీ దుమ్ము చాలా పెద్ద శత్రువు, అందులో సిలికా ఉంటుంది, దయచేసి ఆ బురదని ఎండి గాలికి లేవనివ్వకండి.

మొక్కల వైపు రావాలంటే మీకు మునగ కన్నా గోరుచిక్కుడు గింజల నించి తీసే గ్వార్ గమ్ దగ్గరగా ఉంటుంది, గనుల్లో దాన్ని చాలాకాలంగా వాడుతున్నారు. దీని పని చార్జితో కాదు, పొడుగాటి గొలుసులాంటి అణువులు, ఒక్కో గొలుసు ఎన్నో రేణువుల్ని పట్టుకుని ముద్ద కట్టిస్తుంది. చింతగింజల పిండిలోని జిగురు కూడా ఈ జాతిదే, మన జిల్లాలో చింతచెట్టు లేని రోడ్డు ఉందా, గింజలకి కొదవ లేదు. అయితే రెండు ఇబ్బందులు ముందే చెప్తా. పాలీఅక్రిలమైడ్ చాలా కొద్దిగా వేస్తే దిగే స్లర్రీకి ఇది ఎక్కువ పట్టొచ్చు. రెండోది, ఇది తిండి పదార్థం కాబట్టి కలిపి పెట్టిన ద్రావణం ఒకట్రెండు రోజుల్లో పులిసి పలచబడి పనిచేయడం మానేస్తుంది, ట్యాంకులో తిరిగే నీళ్ళకి కూడా వాసన రావొచ్చు.

ఓనరుకి చెప్పే ముందు మీరే చూసుకోండి. లీటరు కొలత సిలిండర్లు నాలుగైదు తీసుకుని ఒకే స్లర్రీ పోసి, ఒకదాంట్లో ఏమీ వేయకుండా, మిగతావాటిలో డోసు పెంచుకుంటూ వేసి, మూత మూసి పదిసార్లు తలకిందులు చేసి పెట్టండి. తేటనీళ్ళకి బురదకి మధ్య గీత ఎంత తొందరగా దిగుతుందో ఫోన్లో టైమ్ పెట్టుకుని రాసుకోండి. పై నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయి, అడుగు బురద ఎంత గట్టిగా ఉంది అనేది కూడా చూడాలి, ఎందుకంటే తొందరగా దిగి అడుగున వదులుగా ఉండిపోతే మీకు లారీ ట్రిప్పులు పెరుగుతాయి. డోసు ఎక్కువైతే ఫలితం ఇంకా బాగుంటుందని అనుకోకండి, ఒక హద్దు దాటాక రేణువులన్నిటికీ జిగురు పూత పట్టేసి మళ్ళీ తేలిపోతాయి, పాలిమర్ తోనూ ఇదే జరుగుతుంది, చాలా యూనిట్లలో పౌడర్ అట్లానే వృథా అవుతుంది.

ప్రశ్న: మేడమ్/సార్, మాది నగరి. మరమగ్గాల నూలుకి అద్దకం వేసే చిన్న యూనిట్ మాది, రంగునీళ్ళ మీద ఊళ్ళో గొడవలు మీకు తెలిసిందే. మునగ గింజతో రంగు దిగుతుందని వీడియో చూసినాం, నిజంగానే గ్లాసులో ఎర్రరంగు తేలిపోయి తెల్లగా అయింది. పెట్టుబడి పెట్టొచ్చా?

జవాబు: వీడియోలో చూపించింది అబద్ధం కాదు. నూలుకి వాడే రియాక్టివ్ రంగులు నీళ్ళలో మైనస్ చార్జితో ఉంటాయి, మునగ ప్రొటీన్ ప్లస్ కాబట్టి పట్టేసుకుని దిగిపోతుంది.

కానీ రంగు పోవడం వేరు, నీళ్ళు బాగుపడటం వేరు. రియాక్టివ్ అద్దకంలో మీరు ఉప్పు ఎంత వేస్తారో మీకే తెలుసు, సోడా కూడా, అదంతా కరిగే ఉంటుంది, మునగ దాన్ని తాకను కూడా తాకదు. తెల్లగా కనబడుతున్నాయి కదా అని ఆ నీళ్ళు కాలవలోకి వదిలితే రైతు పొలం ఉప్పుబారిపోతుంది, ఈసారి రంగు లేదు కాబట్టి ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికీ తెలియను కూడా తెలియదు, అది ఇంకా అన్యాయం. పైగా గింజపొడి నించి కొంత సేంద్రియ పదార్థం నీళ్ళలోకి చేరుతుంది, డోసు ఎక్కువైతే సీఓడీ (నీళ్ళలో సేంద్రియ కాలుష్యం ఎంతుందో చెప్పే కొలత) తగ్గాల్సింది పోయి పెరుగుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తా, ఒంటరిగా పెట్టుబడి పెట్టకండి. మీలాంటి చిన్న యూనిట్లన్నీ కలిసి ఉమ్మడి శుద్ధి ప్లాంటుకి వెళ్తేనే ఉప్పు సంగతి తేలుతుంది, ఆ ప్లాంటులో మొదటి అంచెలో పటిక బదులు మొక్కల కోయాగ్యులెంట్, అంటే మునగలాంటి తేర్చే పదార్థం, వాడొచ్చా అనేది అప్పుడు అడగాల్సిన ప్రశ్న. అక్కడ దిగిన బురద మాత్రం గింజ సహజమైనదే కదా అని ఎరువుగా పొలంలో వేయొద్దు, రంగు రసాయనాలన్నీ అందులోనే చేరి ఉంటాయి, కాలుష్య నియంత్రణ మండలి చెప్పిన చోటికే పంపాలి.

ప్రశ్న: నేను తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఇంత మంచిదైతే తిరుపతి లాంటి ఊరికి నీళ్ళిచ్చే ప్లాంట్లలో మునగ ఎందుకు వాడరు? కెమికల్ కంపెనీల లాబీయేనా?

జవాబు: లాబీ దాకా వెళ్ళే ముందు ఒక లెక్క వేద్దామమ్మా. రోజుకి కోటి లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు అనుకో, ఊళ్ళ లెక్కలో అది చిన్నదే, తిరుపతికి కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్ళు కలిపి ఇంతకంటే చాలా ఎక్కువ కావాలి. లీటరుకి 50 మిల్లీగ్రాముల పప్పు చొప్పున వేసినా రోజుకి 500 కిలోలు, పెంకుతో అయితే ఇంకా ఎక్కువ. ఏడాదికి 180 టన్నుల పైన పప్పు, అదీ ఒకే నాణ్యతతో, బూజు లేకుండా, వానాకాలంలో కూడా. పటిక అయితే చాలా నీళ్ళకి ఇంతకంటే తక్కువే పడుతుంది, గోడౌన్లో నెలల తరబడి ఉన్నా చెడిపోదు.

రెండో అడ్డంకి ఇంకా గట్టిది. ప్లాంటులో తేర్చిన నీళ్ళకి క్లోరిన్ వేస్తారు, ఊరి చివరి కుళాయిలో కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. మునగ వదిలిన సేంద్రియ పదార్థం ఆ క్లోరిన్ ని తినేస్తుంది, దాంతో కలిసి ట్రైహాలోమీథేన్లు అని మంచివి కాని పదార్థాలు కూడా పుట్టొచ్చు. ఇంట్లో బిందెకి 24 గంటల రూలు పెట్టుకోవచ్చు, పైపుల్లో రోజులు తిరిగే నీళ్ళకి పెట్టుకోలేం. మూడోది, వానలు లేనప్పుడు రిజర్వాయరు నీళ్ళు పెద్దగా బురదగా ఉండవు, అట్లాంటి తక్కువ మసక నీళ్ళలో మునగ సరిగ్గా పనిచేయదు, పట్టుకోవడానికి రేణువులే తక్కువ కదా.

అయినా ఎవరూ ప్రయత్నించలేదని కాదు. సూడాన్ లో నైలు నది వరద నీళ్ళని ఆడవాళ్ళు ఈ గింజలతో తేర్చుకునేవాళ్ళు, జర్మన్ శాస్త్రవేత్త సామియా అల్ అజారియా జాన్ అక్కడే పనిచేసి 1970లు, 80ల్లో దాన్ని శాస్త్రీయంగా పరీక్షించి ప్రపంచానికి చెప్పారు. తర్వాత ఇంగ్లండ్ లెస్టర్ యూనివర్సిటీకి చెందిన ఫోకార్డ్, సదర్లాండ్ మలావీ దేశంలో థ్యోలో అనే ఊరి వాటర్ ప్లాంటులో నిజంగానే మునగతో నడిపి చూశారు, బురద ఎక్కువున్న కాలంలో పటికకి దీటుగా పనిచేసింది. అంటే పెద్ద స్థాయిలో కుదరదని కాదు, ఎక్కడ కుదురుతుందో వెతకాలి.

నువ్వు ప్రాజెక్టు చేసే ఆలోచనలో ఉంటే రెండు దారులు చెప్తాను. గింజలో మూడో వంతు పైన నూనె ఉంటుంది, ఆ నూనె తీసేసిన పిండిలో కూడా నీళ్ళు తేర్చే ప్రొటీన్ అట్లాగే ఉంటుంది. గానుగాడించి నూనె అమ్ముకుంటే పిండి చవకగా వస్తుంది, లెక్క మొత్తం మారిపోతుంది. రెండోది, మామూలు నీళ్ళతో కాకుండా ఉప్పునీళ్ళతో తీస్తే ప్రొటీన్ ఎక్కువగా దిగుతుంది, తర్వాత దాన్ని శుద్ధి చేసి వాడితే మిగతా సేంద్రియ చెత్త నీళ్ళలోకి రాదు, క్లోరిన్ సమస్య అక్కడే తీరాలి. ఇసుక రేణువుల మీదే ఈ ప్రొటీన్ పూత పట్టించి ఫిల్టరులాగా వాడే పరిశోధనలు కూడా జరిగాయి, నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది అదే. జార్ టెస్టుకి (ఒకే నీళ్ళని వరసగా జాడీల్లో పోసి వేర్వేరు డోసులు వేసి చూసే పరీక్ష) స్వర్ణముఖిలో వరద వచ్చినప్పటి నీళ్ళు, కల్యాణి డ్యామ్ వేసవి నీళ్ళు రెండూ తీసుకో, ల్యాబులో తెల్లమట్టి కలిపి తయారుచేసిన నకిలీ బురదతో మాత్రమే చేస్తే థీసిస్ అవుతుంది గానీ మన ఊరికి ఉపయోగం ఉండదు. టర్బిడిటీతోపాటు (నీళ్ళ మసక) సేంద్రియ కార్బన్, రెండు రోజుల తర్వాత క్లోరిన్ ఎంత మిగిలింది అనేవి తప్పకుండా కొలవాలి. ఫలితాలు వచ్చాక మాకు రాయి, వేస్తాం.

ప్రశ్న: మునగాకు, మునగ బెరడు వేసినా నీళ్ళు తేరతాయా? (పుత్తూరు)

జవాబు: లేదు, పని చేసేది ముదురు గింజలోని పప్పే. ఆకు వేస్తే నీళ్ళు పచ్చబడి ఇంకా పాడవుతాయి, ఆకు వండుకోండి. బెరడు జోలికి అసలు వెళ్ళొద్దు.

ప్రశ్న: పాకాల దగ్గర మాకు చెరకు ఉండాది, గానుగ కూడా మాదే. బెల్లం తెల్లగా రావాలని హైడ్రోస్ వేస్తారు అందరూ, మాకు ఇష్టం లేదు. మీ మునగ గింజ చెరకు రసానికి పనిచేస్తాదా? నీళ్ళ ప్రశ్న కాదు గానీ అడగాలనిపించింది.

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగారయ్యా, హైడ్రోస్ అంటే రంగు తేల్చే గంధకం రసాయనం, అది వద్దనుకోవడం మంచిదే, మీరడిగింది కూడా అదే శాస్త్రం. చెరకు రసంలో మట్టి, పీచుముక్కలు, మైనం, మాంసకృత్తులు అన్నీ తేలుతూ ఉంటాయి, వాటిని పట్టుకుని తెట్టుగా పైకి తెచ్చేది ఏదైనా కావాలి. దీనికి మునగ కంటే మన వాళ్ళకి ఎప్పటినించో తెలిసినది బెండ. కాపు అయిపోయిన పచ్చి బెండ మొక్కల కాండం, వేళ్ళు బాగా కడిగి, చితక్కొట్టి నీళ్ళలో నానబెట్టి చేత్తో పిసికితే చిక్కటి జిగురు వస్తుంది, అది గుడ్డలో వడకట్టి పెనంలో రసం వేడెక్కేటప్పుడు, ఇంకా తెర్లకముందే పోసి కలపాలి. వేడికి జిగురు గట్టిపడుతూ మలినాలన్నిటినీ చుట్టుకుని పైకి తేలుతుంది, ఆ తెట్టుని జల్లెడగరిటెతో ఎప్పటికప్పుడు తీసేయాలి, ఆలస్యం చేస్తే తెర్లులో పగిలి మళ్ళీ రసంలో కలిసిపోతుంది. వేరుశనగ పాలు, ఆముదం గింజల పాలు కూడా ఇదే పనికి వాడతారు, కానీ ఆముదం గింజలో విషం ఉంటుంది, నేనైతే దాని జోలికి పోవద్దనే చెప్తా, బెండే చాలు. పులుపు విరగడానికి సున్నం తేట కొద్దిగా, ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది.

ఒక్కటి ముందే తెలుసుకోండి, హైడ్రోస్ బెల్లం అంత పసుపుగా ఇది రాదు, మార్కెట్ లో రంగు చూసి రేటు కడతారు కాబట్టి మొదట్లో క్వింటాలుకి తక్కువే పలకొచ్చు. హైడ్రోస్ బెల్లం నిలవలో రంగు తిరిగిపోతుంది, గంధకం వాసన కూడా ఉండిపోతుంది, అది తెలిసిన కొనుగోలుదారుని నేరుగా పట్టుకోండి, తిరుపతిలో మందులు లేని బెల్లం అడిగేవాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు. తిరుపతి దగ్గర పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధన స్థానానికి ఒకసారి వెళ్ళి మీ రకం చెరకుకి ఎంత జిగురు పోయాలో కనుక్కోండి. పురుగుమందు కొట్టిన బెండ మొక్కలు మాత్రం వద్దు, గానుగ కోసం ఒక సాలు విడిగా వేసుకోండి, జిగురు కూడా ఏ పూటకాపూట తీసుకోండి, రాత్రి పిసికినది పొద్దున పోస్తే పులిసిపోయి పెనం మొత్తం వాసన పడుతుంది.